మనిషికి నాలుగున్నర చుక్కలు

మా పెళ్లి గ్రూప్ ఫోటోలో నలభై ముగ్గురం ఉన్నాం. కంప్యూటర్లో ఆ ఫోటో వెడల్పు ఆ మధ్య 16 చుక్కలే అయింది, ఎత్తు 12. మొత్తం 192. ముప్పై మూడేళ్లు లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ని కాబట్టి భాగహారం కూడా చేసి చూసుకున్నాను. మనిషికి నాలుగున్నర చుక్కలు కూడా రావు. అందులో నా చుక్కలేవో, మా ఆవిడ చుక్కలేవో, వరుస చివర కళ్లు మూసుకుని నిలబడిన మా చిన్నాయన చుక్కలేవో కనిపెట్టగల మనిషి మా కళ్యాణదుర్గంలో లేడు. ఈ పని వైరస్ చేయలేదు, పిల్లకాయలు చేయలేదు. నేనే చేశాను. అదీ ఇంట్లోవాళ్లకు మేలు చేద్దామని పోయి.

నేను రిటైరైన ఏడాది మావాడు బెంగళూరు నుంచి తన పాత కంప్యూటర్ తెచ్చి హాల్లో ఓ మూలన పెట్టి పోయాడు. తెర నిండా ఒకే రకం పసుపుపచ్చ ఫోల్డర్లు, వాటి కింద ఇంగ్లీషులో పేర్లు. ఒకదాంట్లో నా పెన్షన్ కాగితాలు, ఒకదాంట్లో కరెంటు బిల్లులు, ఒకదాంట్లో మనవడి ఫోటోలు, ఇంకోదాంట్లో మామ జట్టు పాడిన చెక్కభజన పాటలు. మామ అంటే మేనమామే. మాది మేనరికం. అందుకే మా ఆవిడ నాకు అరవై దాటినా బావా అనే పిలుస్తుంది, అవసరాన్ని బట్టి వేరే పేర్లతోనూ పిలుస్తుంది. ఆమె మనవణ్ని చూద్దామని నొక్కితే పెన్షన్ తెరుచుకునేది. భజన విందామంటే కరెంటు బిల్లు వచ్చేది. "కింద తెలుగులో పేరు రాస్తే సరిపోదా బావా?" అంది మొదటి రోజే.

ఆ మాట విని ఉంటే ఈ వ్యాసం ఉండేది కాదు. పేరు మార్చడం అర నిమిషం పని. అర నిమిషం పనికి నేనెందుకు?

పేరు కాదు, బొమ్మ పెడతానన్నాను. మనవడి ఫోల్డర్ మీద మనవడి ముఖం, భజనల మీద మామ, బిల్లుల మీద మీటరు. ఎన్నికల డ్యూటీలు చేసి చేసి అరిగినవాణ్ని. చదువురాని వాళ్లు ఓటెయ్యాలని 1951-52 మొదటి సార్వత్రిక ఎన్నికల నాడే గుర్తులు పెట్టిన దేశం మనది, మన ఇంట్లో ఆ మాత్రం చేసుకోలేమా అని చిన్న ఉపన్యాసం కూడా ఇచ్చాను. "నాకు చదువొచ్చు బావా, తెలుగు చదువు" అంది ఆమె. ఉపన్యాసంలో ఉన్నవాడికి మధ్యలో మాటలు వినబడవు.

మావాడు ఫోన్‌లో "నాయనా, ఫోటో ఎక్కిస్తే ఐకాన్ చేసిచ్చే సైట్లు కావాల్సినన్ని ఉండాయి, నిమిషం పని" అన్నాడు. ఇంట్లోవాళ్ల ఫోటోలు ఊరూ పేరూ తెలియనివాళ్లకు అప్పజెప్పనని గంభీరంగా చెప్పాను. అది మంచి కారణమే గానీ అసలు కారణం కాదు. అసలు కారణం నల్ల కిటికీ. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, నల్ల తెర మీద తెల్లటి అక్షరాలు టకటకా కొడుతుంటే, పాల గిన్నె పట్టుకుని వచ్చిన పక్కింటాయన గుమ్మంలోనే ఆగిపోయాడు. "ఏం సార్, బ్యాంకు పనా?" అని గుసగుసగా అడిగాడు. కాదనకుండా తలూపాను. అప్పుడు నేను కొట్టింది ఫోల్డర్లో ఏమేమున్నాయో చూపించే 'డీఐఆర్' అనే మూడక్షరాల ముక్క. ముప్పై మూడేళ్ల సర్వీసుకు దక్కని మర్యాద మూడక్షరాలకు దక్కింది. ఆ రుచి మరిగాను.

ఫోల్డర్ మీద బొమ్మ మార్చాలంటే విండోస్‌లో ప్రాపర్టీస్‌కు పోయి 'ఛేంజ్ ఐకాన్' నొక్కాలి. అక్కడ మామూలు ఫోటో చెల్లదు, చివర ఐసీఓ అని ఉండే ఫైలు కావాలి. ఓస్, ఇంతేనా అని మామ ఫోటో చివర జేపీజీ చెరిపేసి ఐసీఓ అని రాశాను. అందులో ఐకాన్లేమీ లేవంది యంత్రం. తాలు శెనక్కాయకు విత్తనమని పేరు పెట్టినట్టయింది.

శెనక్కాయ సంగతి ఊరికే ఎత్తలేదు. ఐసీఓ ఫైలు అచ్చం శెనక్కాయే. పైన ఒకటే పొట్టు, లోపల వేర్వేరు సైజుల గింజలు. 16 చుక్కల బొమ్మ ఒకటి, 32 ఒకటి, 48 ఒకటి, 256 ఒకటి. జాబితాలో చూపేటప్పుడు విండోస్ చిన్న గింజ తీసుకుంటుంది, తెర మీద పెద్దగా కనబడాలంటే పెద్ద గింజ తీసుకుంటుంది. మా మెట్టల్లో ఏళ్ల తరబడి వేసిన టీఎంవీ-2 కాయలో మామూలుగా రెండే గింజలు, ఇందులో ఎన్నైనా కుక్కొచ్చు. మొదటి ఆరు బైట్లలో ఇది ఐకాన్ అనీ లోపల ఇన్ని గింజలున్నాయనీ రాసి ఉంటుంది. ఆ తర్వాత గింజకు 16 బైట్ల చొప్పున చిట్టా. ఆ చిట్టాలో వెడల్పుకు కేటాయించింది ఒకే ఒక్క బైటు, అందులో పట్టేది 0 నుంచి 255 దాకానే. మరి 256 వెడల్పు ఎట్లా రాయడం? సున్నా అని రాస్తారు! సున్నా వెడల్పు బొమ్మ ఎలాగూ ఉండదు కాబట్టి, సున్నా కనబడితే 256 అనుకోవాలన్నమాట.

ఇది తెలిసిన ఆనందం పట్టలేక లేచి వంటింట్లోకి పోయి చెప్పాను. కాయలు ఒలుస్తున్న మా ఆవిడ తలెత్తలేదు. "అట్లయితే నీ దగ్గర సున్నా వచ్చిన పిల్లోళ్లందరికీ 256 వేసుండాల్సింది" అంది.

ఫోటోను ఐకాన్‌గా మార్చిపెట్టేది ఇమేజ్‌మ్యాజిక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్. అమెరికాలో డ్యూపాంట్ కంపెనీలో పనిచేస్తూ జాన్ క్రిస్టీ అనే ఆయన 1987లో దాన్ని మొదలుపెట్టాడు. కోటీ అరవై లక్షల పైచిలుకు రంగులుండే బొమ్మను, 256 రంగులే చూపగలిగే ఆనాటి తెరల మీద చూపించాల్సిన అవసరం పడింది ఆయనకు. 1990లో అందరికీ ఉచితంగా వదిలారు. దాని గుర్తు మంత్రదండం పట్టుకున్న మాంత్రికుడు. ఆ బొమ్మ చూసినప్పుడే జాగ్రత్తపడాల్సింది. 'పాతాళభైరవి' చూసిన కళ్లు కదా ఇవి.

నాకు దొరికిన పాత పాఠంలో 'కన్వర్ట్' అని కొట్టి, ఫోటో పేరు, కావాల్సిన ఐకాన్ పేరు వరుసగా రాయమన్నారు. రాశాను. 'ఇన్వాలిడ్ పారామీటర్' అంది. మళ్లీ రాశాను, మళ్లీ అదే పాట. ఫైలు పేరులో ఖాళీ ఉందేమో అనుకున్నాను. 'మామ ఫోటో' అని విడివిడిగా రాస్తే కమాండ్ దృష్టిలో మామ వేరు, ఫోటో వేరు. కొటేషన్ గుర్తులు తగిలించి ఇద్దర్నీ కలిపాను. లాభం లేదు. తెలుగు పేరు పడలేదేమో అనుకున్నాను. నల్ల కిటికీలో మామ మూడు ఖాళీ డబ్బాలుగా కనబడుతున్నాడు మరి. పేరు ఇంగ్లీషులోకి మార్చాను. ఊహూ.

రెండు సాయంత్రాలు పోయాక తెలిసింది. విండోస్‌లో కన్వర్ట్ అనే పేరుతో ఇంటివాడే ఒకడు ముందునుంచీ ఉన్నాడు. నేను పిలిచేది మాంత్రికుణ్ని, పలికేది ఇతను. ఇతని ఉద్యోగం ఫోటోలు మార్చడం కాదు, డిస్కు అమరికనే ఫ్యాట్ నుంచి ఎన్‌టీఎఫ్‌ఎస్‌కు మార్చడం. అంటే రెండు రోజులుగా నేను గడ్డం గీయమని బతిమాలుతున్నది ఇల్లు మార్చికట్టే మేస్త్రీని. ఇమేజ్‌మ్యాజిక్ ఏడో వెర్షన్ నుంచి కన్వర్ట్ అనకుండా 'మ్యాజిక్' అని పిలిస్తే చాలు, ఈ తికమక ఉండదు.

మ్యాజిక్ అన్నాను. ఈసారి వెడల్పో ఎత్తో హద్దు దాటిందంది. ఫోన్‌లో తీసిన మామ మూడువేల చుక్కల మనిషి, ఐకాన్‌లో 256కు మించి పట్టడు. దానికీ ఓ మాట ఉంది. 'ఆటో-రీసైజ్' అని రాసి 256, 48, 32, 16 అని కావాల్సిన సైజులు కామాలతో ఇస్తే, ఒక్క దెబ్బకు అన్నీ కుదించి ఒకే పొట్టులో పెడుతుంది. ఆ వరుసంతా తప్పు లేకుండా కొట్టి, ఎంటర్ మీద వేలు పెట్టబోతుండగా వీధిలోంచి కేక.

"బావా! నీళ్లొచ్చినాయి!"

పాత అనంతపురం జిల్లాకు ఏడాదికి సగటు వాన 552 మిల్లీమీటర్లు. రాష్ట్రంలో అన్నిటికన్నా తక్కువ వాన మనకే అని ఏళ్ల తరబడి పిల్లలకు చెప్పిన నోరు ఇది. ఇలాంటి చోట కొళాయి నీళ్లొచ్చాయంటే పీటల మీది పెళ్లికొడుకైనా బిందె అందుకుంటాడు. సంపులోకి పైపు తగిలించడం ఇంట్లో నాకున్న ఒకే ఒక శాఖ. "వస్తాండా" అన్నాను. అని ఎంటర్ కొట్టాను. మామ ఐకాన్ పుట్టింది! ఫోల్డర్‌కు పెట్టాను. పాత పసుపు రంగే కనబడింది. తీసి మళ్లీ పెట్టాను. మళ్లీ పసుపే. విండోస్ ఐకాన్లను ఒకచోట దాచిపెట్టుకుంటుందనీ, కొత్తది ఇచ్చినా ఒక్కోసారి పాతదే చూపిస్తుందనీ, ఓసారి ఆపి తెరిస్తే సరిపోతుందనీ నాకు అప్పటికి తెలియదు. "వస్తాండా" అన్న మాట వయసు నలభై నిమిషాలైంది. బయటికి వచ్చేసరికి కొళాయిలోంచి గాలి బుసకొడుతోంది. మా ఆవిడ రెండు బిందెలు పట్టుకుని, ఏమీ అనకుండా, నా పక్కనుంచే లోపలికి పోయింది. సంపు మూత తెరిచే ఉంది. అడుగున సిమెంటు కనబడింది.

తర్వాత రెండు రోజులు పక్కింటి సంపులోంచి బిందెలు మోశాను. ప్రతి బిందెకూ ఆయన "బ్యాంకు పని అయిందా సార్?" అని అడిగాడు.

ఇంతటితో ఆపొచ్చు. ఆపలేదు. మామ ఐకాన్ వచ్చింది గానీ, చుట్టూ సున్నం గోడ కూడా పలకలాగా వచ్చింది. అసలైన ఐకాన్లకు వెనక ఏమీ ఉండదు, తెర మీది బొమ్మ కనబడుతుంది. తెలుపు ఉన్నచోటల్లా పారదర్శకం చెయ్యమనే మాట ఒకటి ఉంది. అయితే ఫోటోలో సున్నం గోడ నిఖార్సైన తెలుపు కాదు, చుక్కకో ఛాయ. అందుకని 'ఫజ్' అని రాసి, తెలుపుకు ఎంత శాతం అటూ ఇటూ ఉన్నా తెలుపుకిందే జమకట్టాలో చెప్పాలి. ధారాళంగా 30 శాతం ఇచ్చాను.

మామ కట్టేది తెల్ల పంచె. వేసేది తెల్ల చొక్కా. చుట్టేది తెల్ల తలపాగా. మామ మీసం కూడా తెల్లదే.

గోడ పోయింది. గోడతో పాటే పంచె పోయింది, చొక్కా పోయింది, తలపాగా పోయింది. మీసం పోయింది. గాల్లో ఒక ముఖం, రెండు చేతులు మిగిలాయి. మావాడు తెర మీద పాత విండోస్ ఎక్స్‌పీ పచ్చిక కొండ బొమ్మ పెట్టి ఉంచాడు. 1996లో ఛార్లెస్ ఓరియర్ అనే ఆయన కాలిఫోర్నియాలోని సోనోమా దగ్గర తీసిన ఫోటో అది. అదను దాటినా చినుకు పడక మా చుట్టుపక్కల చేలన్నీ ఎర్రగా ఎండుతుంటే, మామ కడుపు ఉండాల్సిన చోట మాత్రం గడ్డి ఏపుగా పెరిగింది.

సరిచేద్దామనుకునే లోపే ఆదివారం మామ వచ్చాడు, తన భజన తానే వినడానికి. అద్దాలు సవరించుకుని తెర మీదికి వంగాడు.

"ఎవర్రా ఇది?"

అబద్ధం చెప్పలేను, నిజం చెప్పే ధైర్యమూ లేదు. "ఇంకా పూర్తి కాలేదు మామా" అన్నాను.

"మీసం రేపు పెడతావా?" అన్నాడు.

రాయలసీమలో ఎనభై రెండేళ్ల పెద్దమనిషి మీసం అల్లుడి చేతిలో పోయింది. వెనకటి రోజుల్లోనైతే రచ్చబండ దాకా పోయే వ్యవహారం. మామ మజ్జిగ తాగి, భజన వినకుండానే లేచిపోయాడు. గడప దాటేటప్పుడు మీసం మీద చెయ్యి వేసి చూసుకున్నాడు, ఉందో లేదో అన్నట్టు.

ఆ పరాభవంతో బుద్ధి రావాల్సింది పోయి పంతం వచ్చింది. ఒక్కొక్క ఫోటో కాదు, ఇంట్లో ఉన్న ఫోటోలన్నీ ఒకేసారి ఐకాన్లు చేసేసి, అందులోంచి మంచివి ఏరుకుందామనుకున్నాను. ఇమేజ్‌మ్యాజిక్‌లోనే 'మోగ్రిఫై' అని మరో పనిముట్టు ఉంది. నక్షత్రం గుర్తు పెట్టి జేపీజీ అంటే ఆ ఫోల్డర్లో ఉన్న అన్ని ఫోటోలనూ వరుసగా పట్టుకుంటుంది. దాని గుణం ఒకటి చెప్పాలి. 'ఫార్మాట్' అని రాసి ఐసీఓ అంటే, పాతవాటి జోలికి పోకుండా కొత్త ఫైళ్లు పక్కన పుట్టిస్తుంది. ఆ మాట రాయకపోతే, ఉన్న ఫైలునే మార్చి దాని మీదే రాసేస్తుంది. అడగదు. హెచ్చరించదు. పాతది రీసైకిల్ బిన్‌లో కూడా పడదు.

సైజు 16 అని రాశాను. నక్షత్రం పెట్టాను. ఫార్మాట్ అన్న మాట మరిచాను.

ఆ ఫోల్డర్లో ఉన్నవి 214. స్టూడియోలో స్కాన్ చేయించిన మా పెళ్లి ఆల్బమ్, మావాడి పుట్టెంట్రుకలు, మనవడి నామకరణం, మా అమ్మ ఫోటో. కర్సర్ కొన్ని క్షణాలు ఆగి, మళ్లీ ముందుకొచ్చి నిలబడింది. నల్ల కిటికీలో ఏ మాటా రాకపోతే పని సక్రమంగా జరిగినట్టు అర్థం. సక్రమంగానే జరిగింది. ఒక ఫోటో తెరిచాను, ఆవగింజంత బొమ్మ వచ్చింది. పెద్దది చేశాను. ఏవో గళ్లు. ఎర్రటి రెండు గళ్లు మా ఆవిడ పెళ్లిచీర కావచ్చు, షామియానా అయినా కావచ్చు.

మూడు రోజులు దాచాను. ఒకరోజు కరెంటు లేదన్నాను, ఫ్యాను తిరుగుతుండగానే. ఒకరోజు కంప్యూటర్ వేడెక్కిందన్నాను. నాలుగో రోజు ఆమె "అత్త ఫోటో తియ్యి బావా, సంవత్సరీకానికి పెద్దది చేయించాల" అని కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది. ఇక దారి లేక తెరిచాను. ఆమె చాలాసేపు చూసింది. గోధుమరంగు గళ్లు నాలుగు, మధ్యలో ఎర్రటిది ఒకటి. అది బొట్టు.

"ఇది ముగ్గా బావా?" అంది.

చెప్పేశాను. మోగ్రిఫై, నక్షత్రం, ఫార్మాట్, అన్నీ. కోప్పడుతుందనుకుంటే లేచిపోయి ట్రంకుపెట్టె చప్పుడు చేసింది. పెళ్లి ఆల్బమ్ అందులోనే ఉంది. అత్త ఫోటో గోడకు వేలాడుతూనే ఉంది, దాన్నే విప్పి స్టూడియోకు పంపింది. మనవడి ఫోటోలు కోడలి ఫోన్‌లో ఉన్నాయి. వారం తిరిగేసరికి దాదాపు అన్నీ వెనక్కి వచ్చాయి. నా రిటైర్మెంట్ సభ ఫోటోలు మాత్రం రాలేదు. ఇంట్లో ఎవరూ అడగలేదు కూడా.

ఆ రాత్రి అన్నాలయ్యాక ఆమె ఒక మాట అంది. "ఇరవై ఒక్క చుక్కల ముగ్గును ఏడు చుక్కల్లో కుక్కితే ముగ్గయితాదా? ఏడు చుక్కలకు ఏడు చుక్కల ముగ్గు వేరే ఉండాది." నేను నోరు తెరిచి మూశాను. పదహారు చుక్కల్లో ఫోటో ఎంత కుదించినా పట్టదు, పదహారు చుక్కలకని వేరే గీయాలి. 1984 నాటి మొదటి మెకింటోష్ కంప్యూటర్‌కు ఐకాన్లు గీసిన సూజన్ కేర్ కూడా గళ్ల కాగితాల పుస్తకం కొనుక్కుని, అడ్డం 32, నిలువు 32 గళ్లు నింపుకుంటూ గీసింది. ఆ సంగతి నేను ఎప్పుడో చదివాను. చదివి, మామను 30 శాతం ఫజ్‌తో గీకేశాను. ఎన్నికల గుర్తుల మీద ఉపన్యాసమిచ్చినవాణ్ని, అవన్నీ గీతల బొమ్మలే తప్ప ఫోటోలు కావని కూడా గమనించలేదు. మా ఆవిడ మాత్రం పెళ్లైన నాటి నుంచి రోజూ పొద్దున్నే వాకిట్లో అదే పని చేస్తోంది. నేను రోజూ దాన్ని దాటుకుని బడికి పోయాను.

నా పాత గ్రాఫ్ నోటు పుస్తకం తెచ్చి ఇచ్చాను. ఆమె పెన్సిల్‌తో ముప్పై రెండు గళ్ల చదరం గీసి, బిల్లులకు బల్బు వేసింది. పెన్షన్‌కు కళ్లద్దాలు. మనవడికి గిలక్కాయ. మామకు ఒక తలపాగా, దాని కింద రెండు వైపులా పైకి తిరిగిన మీసం. ముఖమే లేదు, అయినా మామే. తెల్లమీసం తెరలో కలిసిపోకుండా చుట్టూ నల్లగళ్లు కట్టింది. ఆ ఉపాయం నాకు ఎవరూ చెప్పలేదు. నేను పెయింట్‌లో గడికో నొక్కు నొక్కి ఎక్కించాను. మ్యాజిక్ అన్నాను. నాలుగూ మొదటిసారికే వచ్చాయి.

మరుసటి ఆదివారం మామ వచ్చి తెర చూశాడు, మీసం దువ్వుకున్నాడు, తనే వేలు పెట్టి నొక్కాడు. భజన మోగింది. మధ్యాహ్నం దాకా కదల్లేదు.

బొమ్మల కింద తెలుగులో పేర్లు కూడా మా ఆవిడే రాసింది. అర నిమిషం పట్టింది.

ఫోటోలన్నిటి నకలు ఒక పెన్‌డ్రైవ్‌లో ఉంది. పెన్‌డ్రైవ్ బీరువాలో, నగల డబ్బాలో ఉంది. బీరువా తాళంచెవి ఎక్కడుందో నాకు చెప్పలేదు.